మోళ్లుగా మిగిలిన వరుస

"నా చెట్లేవి?"

స్కూటీకి స్టాండ్ వేయడం కూడా మరిచిపోయింది ఆరాధన. అది పక్కకు ఒరిగిపడింది. జామాయిల్ తోటలో చివరి వరుస మొత్తం మోకాలెత్తు మోళ్లయింది.

తోట యజమాని కొడుకు జాషువా గొడ్డలి పక్కన పెట్టి నవ్వుతూ వచ్చాడు. "రోగం పట్టిన ఆకులు చూసి రోజూ మొహం చిన్నగ చేస్కుంటున్నరు గదా మేడం. మొదలుకాడికి కొట్టేసిన. వానలకు మంచి చిగుళ్లొస్తయ్. మీకోసమే."

"నాకోసమా!"

చండ్రుగొండ చుట్టుపక్కల జామాయిల్‌ను అందరూ అలాగే కొడతారు. మోడు నుంచి మళ్లీ చెట్టు లేస్తుంది. అతని చేతికి తెలిసిన మేలు అదొక్కటే.

"నా రీసెర్చే ఆ రోగం మీద! కంటికి ఆనని కందిరీగ ఆకు ఈనెలో గుడ్డు పెడుతుంది. ఆకు తన కండనే ఉబ్బించి దానికి గది కడుతుంది, లోపల మెత్తటి తిండి పెట్టి పెంచుతుంది. ఆ బుడిపెల్లోంచి దాన్ని తినే ఇంకో పురుగు వస్తుందేమోనని గుడ్డ సంచులు కట్టి కాపలా కాస్తున్నా. ఆ కొమ్మలేవి?"

జాషువా నవ్వు ఆగిపోయింది. "కాలబెట్టిన."

"మనిషివేనా నువ్వు? ఒక్క మాట అడగాలని తెలీదా?"

"తోట మాది. మీరు నవ్వితే చూద్దామనుకున్న, గదే నా తప్పు. పోండి, ఇంకో తోట చూస్కోండి."

"పోతున్నా!"

చండ్రుగొండలో అద్దె గది ఖాళీ చేసి మధిరలో ఇంటికి చేరినా కోపం దిగలేదు. ఆరాధన దాన్ని ఎదురుగా పెట్టుకుని చూసింది. అతను అన్నది ఒక్క మాట. మిగిలిందంతా తనే కట్టింది: అతని పొగరు, మళ్లీ ఎదురుపడితే అనాల్సిన మాటలు, వాటికి అతని జవాబులు. పగలంతా దానికే తిండి పెడుతోంది. ఇది తెలిశాక కూడా కోపం తగ్గలేదు. దాని వెనక ఇంకేదో కదులుతోందని గుర్తించి, దాని మీదా మండిపడింది.

వానలు పడ్డాక జాషువా ఫోన్ చేశాడు.

"చిగుళ్లొచ్చినయ్ మేడం. ఆకు ఈనెల నిండా బుడిపెలే. ముందటికంటే ఎక్కువున్నయ్."

"లేత ఆకంటేనే దానికి ఇష్టం. ఆ రోజే చెప్పేదాన్ని, పొమ్మన్నావుగా."

"అవ్, అన్న. మందు కొట్టాలని మా నాయన ఒకటే లొల్లి. నేనే అడ్డం పడ్డ. ఏం చెయ్యమంటరు?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర కోపం సిద్ధంగా లేదు.

"ఏం ముట్టుకోకు. వస్తున్నా."

సన్నటి జల్లులో అతను కొమ్మ వంచి పట్టుకుంటే ఆమె సంచి కట్టింది. పోయిన సీజన్ పోయిందే. పని మళ్లీ మొదటికి వచ్చింది.

"ఇంకా కోపమేనా?"

"బోలెడుంది."

"ఉండనీ. ఒకటడుగుత. మా అమ్మను మీ ఇంటికి పంపాల్నా?"

ముడి ఎంత బిగించిందంటే కొమ్మ విరగబోయింది. వాన నీళ్లు కళ్లల్లోకి పడుతున్నా ఆమె తుడుచుకోలేదు.

"ఆమెను ఒక్కదాన్నే పంపి నువ్విక్కడ ఇంకేం నరుకుతావ్? నువ్వూ రా. ఏడాది పనిని ఎందుకు కాల్చావో మా నాన్నకు నీ నోటితోనే చెప్పు."

"చెప్త. ఆయనేమంటడో?"

"తిడతాడు. నాకంటే కోపిష్టి."

"తిట్టినంక?"

"అన్నం పెడతాడు. కొమ్మ సరిగ్గా పట్టుకో!"