గ్లోరీ వదిలేసిన మాట

మాథ్యూ పాస్టరుగారు మూడు ముక్కలు ఒక్క ఊపున ఇంగ్లీషులో చెప్పేసి, గ్లోరీ వైపు చూశారు.

చర్చిలో అందరూ గ్లోరీనే చూస్తున్నారు. ముందు బెంచీల మీద చమురు క్యాంపు ఇంజనీర్ల కుటుంబాలు. వెనక చాపల మీద ఊరివాళ్లు.

చలికాలం వచ్చిందంటే తాటిపాక దగ్గర ఆ క్యాంపు నిండుతుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్ల కోసం వేసవి దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ ఇంగ్లీషు ఆరాధన జరుగుతుంది. పాస్టరుగారి మాటలు ఊరివాళ్లకు తెలుగులో చెప్పడం సాలమోను మాస్టారి పని. ఇవాళ ఆయనకు జ్వరం. అమలాపురం కాన్వెంటులో చదివే కూతురు గ్లోరీని పంపారు.

ప్రసంగం చిన్నది. ఎలాగో గట్టెక్కింది. ఇవి చివరి ప్రకటనలు.

"క్యాంపుకి కళ్ల డాక్టరుగారు వచ్చారు," అంది గ్లోరీ.

రెండో ముక్క గుర్తు రాలేదు. మళ్లీ చెప్పమని అడగొచ్చు. కానీ ముందు బెంచీలో తన ఈడు పిల్ల ఒకతి, రెండు జడలతో, కన్నార్పకుండా చూస్తోంది. గ్లోరీకి సిగ్గేసింది.

"ప్రభువుకు స్తోత్రం," అంది.

"ఆమేన్," అన్నారు చాపల మీద వాళ్లందరూ.

"డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. అందరూ రావచ్చు," అని మూడోది చెప్పి ముగించింది.

బయటికి రాగానే పాపారావు తాత ఆపాడు. "మీ నాన్న మధ్య మధ్యలో ఆగుతాడే. నువ్వు గడగడా చెప్పేసేవు."

మామ్మ ఎలీసమ్మ మురిసిపోతూ గ్లోరీ భుజం పట్టుకుంది. మామ్మ ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికీ ఇప్పుడు పొర కమ్ముతోంది.

"రేపు తలంటుకుని వెళ్దాం," అంది మామ్మ. "ఆదివారం పూట డాక్టరుగార్ని ఏం కష్టపెడతాం? మార్తా, నువ్వూ వస్తావా?"

"ఆయ్, అలాగే పిన్నీ," అంది పక్కింటి మార్తమ్మ.

రేపు. గ్లోరీ కాళ్లు ఆగిపోయాయి. తను వదిలేసిన ముక్కలో ఆ మాట ఉంది. రేపు రమ్మన్నారా? రేపు వద్దన్నారా?

"అత్తా, మామ్మని పట్టుకో," అని మార్తమ్మకి చెప్పి వెనక్కి పరిగెత్తింది.

పాస్టరుగారు జీపు ఎక్కుతున్నారు. లోపల రెండు జడల పిల్ల ఉంది. గ్లోరీ మొహం వేడెక్కింది. అయినా ఇంగ్లీషులో అడిగింది.

"సర్, ఆ రెండో ముక్క మళ్లీ చెప్తారా? నేను ఊరివాళ్లకు చెప్పలేదు."

పాస్టరుగారి మొహంలో నవ్వు పోయింది. "డాక్టరుగారు ఇవాళ చీకటి పడేదాకానే చూస్తారమ్మా. రేపు తెల్లారకుండానే మద్రాసు వెళ్లిపోతారు."

పొద్దు అప్పుడే కొబ్బరి తలల మీదికి వాలింది. జనం ఎవరిళ్లకు వాళ్లు చేరుతున్నారు. ఇల్లిల్లూ తిరిగితే చీకటి పడిపోతుంది.

గ్లోరీ చర్చి గంట తాడు పట్టుకుని లాగింది.

వేళ కాని వేళ గంట మోగితే ఎవరో పోయినట్టే. జనం పరుగున వచ్చారు.

"ఎవరు పోయేరు?" అన్నాడు పాపారావు తాత, ఆయాసపడుతూ.

"ఎవరూ పోలేదండీ." గ్లోరీ గొంతు పెంచింది. "ఇందాక నేను ఒక మాట వదిలేశానండీ. గుర్తు రాక స్తోత్రం చెప్పేను. డాక్టరుగారు ఇవాళే ఉంటారంట. చీకటి పడేదాకానే."

గ్లోరీ తాడు వదలలేదు.

"మేం దానికి ఆమేన్ కూడా అనేశాం," అన్నాడు పాపారావు తాత.

"అన్నది చాల్లే, నడవండి," అంది వెనక నుంచి మామ్మ. "పొద్దు పోతోంది."

క్యాంపు గుడారంలో మామ్మ వంతు వచ్చేసరికి దీపం పెట్టారు. డాక్టరమ్మగారు టార్చి వేసి మామ్మ కన్ను చూశారు. తర్వాత ఇంగ్లీషులో గబగబా చాలా చెప్పారు. అందరూ గ్లోరీ వైపు తిరిగారు. రెండు జడల పిల్ల కూడా.

"మేడమ్, మళ్లీ మొదటి నుంచి చెప్పండి," అంది గ్లోరీ. "ఒక్కొక్క ముక్కే."

"ఏవంటున్నారే?" మామ్మ చెయ్యి పట్టి లాగింది. "ఆమేన్ అనమంటావా?"

"ఇంకా అనకు మామ్మా. నన్ను పూర్తిగా విననీ."