ఆరో నంబరు దీపం

"గడ్డం కొంచెం దించండి. అంతే. ఇక కదలకండి."

స్టూలు మీద కూర్చున్న మనిషి కదల్లేదు. గుర్తింపు కార్డు గడువు ముగిసింది. కొత్త కార్డుకి ఫోటో కావాలి. వాళ్ల ఆఫీసులో అందరూ ఈ స్టూడియోలోనే తీయించుకుంటారు.

ఫోటోగ్రాఫర్ తన ఫోన్ చూశాడు. స్టూలు మీది మనిషిని చూశాడు. మళ్లీ ఫోన్ చూశాడు. తర్వాత కెమెరా ఎత్తి మీట నొక్కాడు. ఫ్లాష్ వెలగలేదు. పెద్ద చప్పుడు కూడా కాలేదు. మనిషి మాత్రం స్టూలు మీంచి పక్కకి ఒరిగాడు.

అసలు స్టూడియో యజమాని, నోటికి టేపుతో, స్నానాలగదిలో దొరికాడు.

చనిపోయింది గూఢచారి శాఖలో సీనియర్ అధికారి. అదే శాఖలో పనిచేసే నత్తకి ఆయన బావ, సొంత అక్క భర్త. ఎక్కడికీ పరుగెత్తడని ఆ పేరు పెట్టింది కూడా బావే. ఆఫీసు మొత్తానికీ అదే పేరయింది.

*

శాఖాధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో ముగ్గురే ఉన్నారు. పెద్దాయన, నత్త, అక్క. అక్కది టెక్నికల్ విభాగం. అంత్యక్రియలైన మర్నాడే డ్యూటీకి వచ్చింది. ఇంటికెళ్లమని చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు.

"సీసీ కెమెరాలో వాడి వీపే పడింది," అన్నాడు పెద్దాయన. "కెమెరా లెన్సులో తుపాకీ గొట్టం పెట్టుకున్నాడు. నేను రిపోర్టులో పిస్టల్ అని రాస్తున్నాను. మిత్రదేశాల వాళ్లకీ ఆ కాపీయే వెళుతుంది. కెమెరా సంగతి మన ముగ్గురికే తెలియాలి."

"ఫోన్‌లో ఏం చూశాడు సార్?" అన్నాడు నత్త.

అక్క జవాబిచ్చింది. "స్టూడియో వైఫై వాడుకున్నాడు. ఎవరు ఏం తెరిచారో దాని లాగ్‌లో ఉంటుంది. దీపాల షాపు వెబ్‌సైట్ చూశాడు."

"దీపాలా?"

"టేబుల్ మీద పెట్టుకునేవి. రా, చూపిస్తాను."

అక్క టేబుల్ మీద బావ టిఫిన్ డబ్బా ఉంది. కడిగి తుడిచి పెట్టింది. నత్త దాన్ని చూడనట్టు కుర్చీ లాక్కున్నాడు.

స్క్రీన్ మీద వరసగా పది గడుల్లో దీపాల బొమ్మలున్నాయి. ఒక్కోదాని కింద నంబరు, ధర, 'స్టాకు ఉంది' అన్న మాట. ఆరో నంబరు దగ్గర మాత్రం బొమ్మ లేదు. బూడిదరంగు గడి, దాని కింద 'స్టాకు అయిపోయింది' అని ఉంది.

"ఇది అసలు షాపు కాదు. డబ్బు కట్టబోతే ఎర్రర్ వస్తుంది," అంది అక్క. "ఈ పేజీలో ఒక్క బొమ్మ కూడా లేదు, తెలుసా?"

"తొమ్మిది కనబడుతున్నాయి కదే."

"పేజీలో ఉన్నవి అడ్రసులే. బొమ్మలు వేరే చోట, క్లౌడ్ స్టోరేజీలో ఉంటాయి. నువ్వు పేజీ తెరిచినప్పుడల్లా అది అక్కడికెళ్లి బొమ్మ తెచ్చి చూపిస్తుంది. అడ్రసు మార్చకుండా అక్కడి బొమ్మ మార్చేస్తే ఇక్కడ కనబడేదీ మారిపోతుంది. ఆరో నంబరు దీపం తీసేసి మనిషి ముఖం పెడతారు. హంతకుడు అక్కడికక్కడ తెరిచి చూసుకుంటాడు. పని అయ్యాక చెరిపేస్తారు. వాడి ఫోన్‌లో ఏమీ మిగలదు. పట్టుబడినా దీపం కొనడానికి చూశానంటాడు."

"మనం ఆ స్టోరేజీలోకి వెళ్లగలమా?"

అక్క మొదటిసారి నవ్వింది. అది నవ్వులా లేదు. "పేజీ కట్టినవాడికి మొదట్లో బొమ్మలు కనబడలేదనుకుంటాను. విసుగొచ్చి స్టోరేజీ తాళంచెవిని పేజీ కోడ్‌లోనే పెట్టేశాడు. ఇల్లు తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినట్టు. బొమ్మలు కనబడ్డాయి కదాని మళ్లీ ముట్టుకోలేదు."

ఆ తాళంచెవితో ఆమె అప్పటికే లోపలికి వెళ్లి వచ్చింది. చెరిపేసిన బొమ్మల పాత కాపీలు దాచి ఉంచే సెట్టింగ్ అక్కడ ఆన్‌లో ఉంది. ఆమె ఒక ఫైలు తెరిచింది.

బావ. నీలం చొక్కా, చేతిలో గ్లాసు. ఎవరి మాటకో నవ్వుతున్నాడు.

"పై గుండీ చూడు, దారం తెల్లగా ఉంటుంది," అంది అక్క. "నేనే కుట్టాను. పోయిన నెల మా ఇంట్లో భోజనాలప్పటి ఫోటో ఇది. అసలు ఫోటోలో మనమందరం ఉన్నాం. నువ్వు, నేను, పెద్దాయన, పెద్దాయన భార్య. ఇందులో ఆయన ఒక్కణ్ణే కత్తిరించారు. గుర్తుందా, ఆ ఫోటో ఎవరు తీశారో?"

నత్తకి గుర్తుంది. మేడమ్ తీసింది.

మేడమ్ మిత్రదేశపు గూఢచారి శాఖ నుంచి, రెండు శాఖల మధ్య సమన్వయానికి వచ్చిన లైజన్ ఆఫీసర్. వచ్చి ఏడాదయింది. మన భాష మనకన్నా బాగా మాట్లాడుతుంది. ఆమె గదిలోకి వస్తే మగవాళ్లు చొక్కా గుండీలు చూసుకుంటారు. బావ అంత్యక్రియల్లో అక్కని కావలించుకుని ఏడ్చింది.

"ఇవాళే పట్టుకుందాం," అన్నాడు నత్త. లేవడం కూడా లేచాడు.

"కూర్చో. ఏమని పట్టుకుంటావు? ఫోన్ ఎవరో హ్యాక్ చేశారంటుంది. మర్నాడు విమానమెక్కిస్తారు. ఇంకో దేశంలో ఇంకొకరింట్లో భోజనానికి వెళుతుంది." అక్క గొంతు పెరగలేదు. "అది తప్పించుకోకూడదు తమ్ముడూ. నా మొగుణ్ణి ఎలా చూపించిందో అలాగే నేనూ దాన్ని చూపిస్తాను."

ఆమె మాట పూర్తయ్యేసరికి స్క్రీన్ మీద స్టోరేజీ జాబితాలో కొత్త ఫైలు చేరింది. ఆరో నంబరు. పేజీలో ఆ గడి కింద 'స్టాకు ఉంది' అని మారింది.

నత్త తెరిచి చూశాడు. అది అక్క ముఖం.

"నేను ఈ హత్య సంగతి తవ్వుతున్నానని దానికి తెలిసిపోయింది," అంది అక్క. "నిన్న దానితోనే అన్నాను."

"ఎందుకన్నావు?"

"నా ఫోటో పెట్టాలని."

*

శాఖ తరఫున బావకి మెడల్ ప్రకటించారు. దాన్ని అక్క అందుకోవాలి. హోటల్ హాల్లో మధ్యాహ్నం సభ. పత్రికల వాళ్లకి పిలుపు వెళ్లింది.

"కెమెరా పట్టుకున్నవాడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు," అన్నాడు పెద్దాయన. "ఇది నాకు నచ్చట్లేదమ్మా. మీ అనుమానం తప్పయితే? ఆమె ఏ పాపం తెలియనిదైతే?"

"తెలియని మనిషి కెమెరా చూస్తే నవ్వుతుంది సార్," అంది అక్క. "రిపోర్టులో మీరు పిస్టల్ అనే రాశారు. కెమెరాని చూసి భయపడాల్సింది వాణ్ణి పంపిన మనిషి ఒక్కతే."

"నవ్వితే?"

"వాడి వెనకాల తమ్ముడుంటాడు."

ఈ ముఠాలో ఎవరి ముఖం ఎవరికీ తెలియదని అక్కకి పేజీ చూస్తేనే అర్థమైంది. తెలిస్తే దీపాల షాపు అవసరమే ఉండదు. ఆ ఫోటోగ్రాఫర్ తనని పంపిన మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఆ కట్టుబాటు మేడమ్‌దే అయి ఉంటుంది.

హాలు గుమ్మం దగ్గర శాఖ వాళ్ల ఫోన్లన్నీ తీసుకుని టోకెన్లు ఇస్తున్నారు. పత్రికల వాళ్లకి ఆ నిబంధన లేదు. మేడమ్ నల్లచీరలో వచ్చింది. బల్ల ముందు ఆగి, ఫోన్‌లో ఏదో తెరిచి చూసుకుని, అప్పుడు ఇచ్చింది. మొదటి వరసలో కూర్చుంది.

అక్క స్టేజీ పక్క గుమ్మంలో టాబ్లెట్‌తో నిలబడింది. మేడమ్ ఫోన్ చేయి మారాకనే ఆమె స్టోరేజీలో ఆరో నంబరు బొమ్మ మార్చింది. ముందే మార్చి ఉంటే మేడమ్ ఆఖరిసారి చూసినప్పుడు సొంత ముఖం కనబడేది.

నత్త వెయిటర్ దుస్తుల్లో కాఫీ పళ్లెం పట్టుకుని హాల్లో తిరుగుతున్నాడు. నెరిసిన విగ్గు, అద్దాలు. పళ్లెం అడుగున పిస్టల్, దాని పక్కన అగ్గిపెట్టెంత జామర్. అది ఆన్‌లో ఉంటే రెండడుగుల లోపల ఏ ఫోనూ పనిచేయదు.

చెవిలో అక్క గొంతు వినబడింది. "బొమ్మ మార్చాను. కానీ పేజీలో ఇంకా నేనే కనబడుతున్నాను."

"అదేంటి?" నత్త పెదవులు కదపకుండా అన్నాడు.

"స్టోరేజీకీ పేజీకీ మధ్యలో ఉన్న సర్వర్ ఒకసారి తెచ్చిన బొమ్మ కాపీని కాసేపు దాచుకుంటుంది. ఎవరు తెరిచినా ఆ పాతదే ఇస్తుంది. ఇందాక మేడమ్ చూసింది కదా, ఆ కాపీ అది. గడువు తీరితేగాని కొత్తది తేదు. నేను లెక్కలో వేసుకోలేదు."

"ఎంతసేపు?"

"నాలుగైదు నిమిషాలు. పత్రికల వాళ్లలో పేజీ తెరుస్తున్నది ఎవరో చూడు."

స్టేజీ ముందు పదిమంది ఫోటోగ్రాఫర్లు తోసుకుంటున్నారు. "కొంచెం వంగవయ్యా, నీ తల తప్ప ఏమీ పడట్లేదు," అన్నాడొకడు. "పడనీ, మీ ఎడిటర్‌కి అదే నచ్చుతుంది," అన్నాడు ఇంకొకడు. వాళ్లకి ఎడంగా స్తంభం పక్కన ఒకడు నిలబడ్డాడు. ఒక్క ఫోటో కూడా తీయలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు.

నత్త పరుగెత్తలేదు. నడిచి వెళ్లి వాడి మోచేతికి పళ్లెం ఆనించాడు.

"కాఫీ తీసుకోండి సార్."

"వద్దు."

"చక్కెర లేనిది కూడా ఉంది సార్."

"వద్దన్నానా?"

వాడి స్క్రీన్ మీద తెల్లటి పేజీలో చక్రం తిరుగుతోంది. బొమ్మ రావడం లేదు. నత్త బొటనవేలు జామర్ మీట మీద ఉంది. ఇప్పుడు అక్క గొంతు కూడా వినబడదు. ముందే అనుకున్న గుర్తు ఒకటుంది. కాపీ గడువు తీరగానే ఆమె కళ్లజోడు తీస్తుంది.

వాడు రెండడుగులు జరిగాడు. నత్త కూడా జరిగాడు.

"నీకేం పని లేదా?" అన్నాడు వాడు.

"ఖాళీ కప్పుల కోసం సార్. కప్పులు లెక్క తగ్గితే మా జీతంలో కోస్తారు."

మైకులో పెద్దాయన బావ గురించి మాట్లాడుతున్నాడు. చెప్పాల్సింది అయిపోయినట్టుంది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. జనం కుర్చీల్లో కదిలారు. నత్తకి ఎదురుగా వాడి మెడ ఉంది. కాలర్ మీద చిన్న మరక. పిస్టల్ వేలికి తగులుతోంది. బావని చంపిన చెయ్యి జానెడు దూరంలో ఉంది. వీణ్ణి ఇప్పుడే కాల్చేస్తే చాలుననిపించింది. అక్కకి చాలదని గుర్తొచ్చింది.

పెద్దాయన ఇక సాగదీయలేక అక్కని పిలిచాడు.

అక్క గుమ్మంలోంచి కదల్లేదు. టాబ్లెట్ వంకే చూస్తోంది. రెండోసారి పిలిచాడు. హాలంతా అటు తిరిగింది.

అక్క కళ్లజోడు తీసింది.

నత్త పళ్లెంతో పక్కకి తప్పుకున్నాడు. వాడు పేజీ మళ్లీ తెరిచాడు. ఈసారి బొమ్మ వచ్చింది. తల ఎత్తి స్టేజీ మీదికి వెళుతున్న అక్కని చూశాడు. ఫోన్ చూశాడు. తల అడ్డంగా ఊపుకున్నాడు. వరసలన్నీ వెతికి మొదటి వరస దగ్గర ఆగాడు. నత్త వాడి వెనక్కి చేరాడు.

"మేడమ్," అన్నాడు వాడు. "ఒక్కసారి ఇటు చూడండి."

పిలిస్తే నవ్వడానికి అలవాటుపడ్డ ముఖం. ఆమె నవ్వుతూనే తిరిగింది. లెన్సు తనకేసి ఉంది. ఆ లెన్సు పక్కన మీట ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు. నవ్వు అక్కడే ఆగిపోయింది. చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

నత్త పిస్టల్ వాడి నడుముకి రెండంగుళాల దూరంలో ఉంది. మీట నొక్కేలోపు కాల్చాలి. ఆమె నోరు తెరవకపోతే ఏం చేయాలన్నది మాత్రం అతను అక్కతో మాట్లాడుకోలేదు. తెరవకపోతే బాగుండునని అతనికి ఒక్క క్షణం అనిపించింది.

"ఆరో దీపం ఆర్పు," అని అరిచింది మేడమ్. "ఆర్పు, నేను చెబుతున్నాను."

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఫోటోగ్రాఫర్‌కి అయింది. పనిలో చేరిన రోజు వాడికి చెప్పిన ఆపే మాట అదే. వాడు కెమెరా దించాడు. అప్పుడు నడుముకి ఇనుము తగిలింది.

"కెమెరా ఇలా పళ్లెంలో పెట్టండి సార్," అన్నాడు నత్త.

మేడమ్ పక్క కుర్చీలో కూర్చున్న గుమాస్తా లేచి ఆమె చేతికి సంకెల వేశాడు. అతను గుమాస్తా కాదు, పెద్దాయన పెట్టిన మనిషి.

*

కారు వచ్చేదాకా ఆమెని స్టేజీ వెనక గదిలో ఉంచారు. అద్దాల ముందు బల్బుల వరస, విరిగిన కుర్చీ, మడిచిన తెర. అక్క మెడల్ పెట్టె పట్టుకుని లోపలికి వచ్చింది.

"నా ఫోటోలు నేను ఎక్కడా ఉండనివ్వను," అంది మేడమ్. "ఆ ఒక్కటీ మీకు ఎక్కడ దొరికింది?"

"మా ఇంట్లో. నువ్వు మా అందరికీ తీశాక, ఆవిడ ఒక్కతే మిగిలిపోయిందే అని మా ఆయన నీకొకటి తీశాడు. నువ్వు చెయ్యి అడ్డం పెట్టేలోపే."

మేడమ్ అద్దం వైపు నుంచి ముఖం తిప్పుకుంది.

"ఆయన తీసిన ఆఖరి ఫోటో," అంది అక్క. "బాగా వచ్చావు."

నత్త గుమ్మం దగ్గర విగ్గు తీసుకుంటున్నాడు. "ముఠాలో మిగిలినవాళ్లు పేజీ తెరిచి చూస్తూ ఉంటారక్కా. మూసేద్దామా?"

"ఎందుకు మూయడం?" అక్క టాబ్లెట్ ఎత్తి, సంకెలతో ఉన్న మేడమ్‌ని ఒక ఫోటో తీసింది. "చూడనీ."

సాయంత్రానికి దీపాల షాపులో ఆరో నంబరు దగ్గర కొత్త బొమ్మ వచ్చింది. ఎవరు ఏ దేశంలో తెరిచినా అదే కనబడుతోంది. కింద అక్క స్వయంగా టైపు చేసింది: స్టాకు అయిపోయింది.