గోడకు చూపని ప్లేటు

దస్తగిరి ఫొటోలు తీయడంలో ఎంత నేర్పరో, ప్లేట్లు ఖర్చు పెట్టడంలో అంత పిసినారి. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషని అతని భార్య కాశింబి నవ్వేది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో గాజు ప్లేట్లు మద్రాసు నుంచి రావాలి. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకని అతన్ని మరీ తప్పు పట్టడానికీ లేదు.

నంద్యాల గాంధీచౌకు వెనక సందులో అతని ఇల్లు. ముందు గది స్టూడియో, వెనక గది కాపురం. ఏటా ఎండలు ముదరకముందే కెమెరా సర్దుకుని బస్సెక్కి, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, ఆ చుట్టుపక్కల పల్లెలూ తిరిగొస్తాడు. కొత్త పెళ్ళికొడుకులూ, ఎద్దులజత పక్కన మీసం దువ్వుతూ నిలబడే ఆసాములూ అతని కోసం కాచుకుని ఉంటారు. ఈసారి మాత్రం సొంత పని కూడా ఉంది. కూతురు మైమూనాను ఆళ్లగడ్డలో ఇచ్చారు. రెండు కాన్పులు దక్కక, మూడోసారికి ఒక మగబిడ్డ నిలిచాడు. ఐదో నెల వచ్చేదాకా ఫొటో వద్దని పెద్దలు అడ్డుపడ్డారు. ఇప్పుడు ఆ అడ్డు తీరింది. మనవడి మొదటి ఫొటో తన చేత్తోనే తీయాలని దస్తగిరికి ప్రాణం కొట్టుకుపోతోంది.

భోజనాలయ్యాక బల్ల మీద పాత దుప్పటి పరిచి సామాను సర్దడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం బస్సు. లెన్సును కాశింబి పాత చీర ముక్కలో చుట్టాడు. మూడుకాళ్ళ స్టాండు తాడుతో కట్టాడు. నల్లగుడ్డ మడిచాడు. ఊళ్ళకు తీసుకెళ్ళే చెక్క కెమెరా వేరు, స్టూడియోలో వాడేది వేరు. చెక్క కెమెరా పెట్టె మూత తెరవగానే శిరివెళ్ల దుమ్ము ఇంకా దాని మీదే కనిపించింది. దస్తగిరి మనసు చివుక్కుమంది.

కిందటి నెల శిరివెళ్లలో గోవిందమ్మ అనే పిల్ల కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. బతికుండగా ఒక్క ఫొటో కూడా తీయించుకోలేదని ఇంటివాళ్ళు కబురు పెడితే వెళ్ళాడు. కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనక తువ్వాలు కట్టి తీశాడు. తర్వాత ఫొటో మీద సన్నటి కుంచెతో కళ్ళు తెరిచినట్టు దిద్ది ఇచ్చాడు. అందరికీ చేసేదే అది. "ఒళ్ళో బిడ్డను కూడా పెట్టి తీయప్పా" అని ఆ పిల్ల తల్లి కాళ్ళావేళ్ళా పడింది. అప్పటికే బిడ్డను పూడ్చేశారు. ఒడి ఖాళీగానే ఉండిపోయింది.

పని నేర్పిన ఉస్తాదు అబ్దుల్ రహిమాన్ ఒక మాట గట్టిగా చెప్పేవాడు. "పోయినోళ్ళను తీసినాక, బతికినోళ్ళను తీసే ముందు, ఒక ప్లేటు ఉత్త గోడకు చూపించాల. కడాకు లెన్సులోకి సూసింది వాళ్ళే గదా, దాంట్లోనే ఉండిపోతారు. ఆ గోడే వాళ్ళకు దోవ." ఇన్నేళ్ళూ దస్తగిరి ఆ మాట దాటలేదు. ఈసారి మాత్రం ప్లేటు దండగని ఊరుకున్నాడు. అనుమానం పెనుభూతం అంటారు, అదేనని ఇప్పుడూ సర్దిచెప్పుకున్నాడు.

ఇక ప్లేట్లు కెమెరా వెనక తగిలించే డబ్బాల్లోకి ఎక్కించాలి. దానికి ఒక నల్లసంచి ఉంది. రెండు చేతులు దూర్చడానికి రెండు తొడుగులు. మణికట్ల మీద నాడా బిగిస్తే చీమంత వెలుతురు కూడా లోపలికి పోదు. అంతా తడిమి చేసే పని. బయట సందులో జట్కా గంటలు మోగుతున్నాయి. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ఎక్కడినుంచో సాంబ్రాణి వాసన వస్తోంది. పక్కింట్లో ఎవరో వేశారనుకున్నాడు.

అట్టపెట్టెలోంచి ఒక ప్లేటు కుడిచేత్తో తీసి, మళ్ళీ మూత పెట్టాడు. ఎడమచేతిలో డబ్బా. మందు పూసిన గరుకు వైపు ఏదో బొటనవేలితో చూసుకుంటున్నాడు. వేళ్ళకు వేళ్ళు తగిలాయి.

తన ఎడమచెయ్యే అనుకున్నాడు.

కానీ ఎడమచెయ్యి డబ్బా పట్టుకుని ఉంది...

సన్నటి వేళ్ళు. చల్లగా ఉన్నా ఇంత భయపడేవాడు కాదేమో. జ్వరం తగిలిన ఒంటిలా వెచ్చగా ఉన్నాయి. సంచి పైకి చూశాడు. నల్లగుడ్డ కింద తన రెండు చేతుల ఉబ్బులు. వాటి మధ్య ఇంకొకటి. మెల్లగా కదులుతోంది... ఆ చెయ్యి అతని వేళ్ళ నుంచి ప్లేటు అందుకుంది. డబ్బాలో పెట్టింది. గరుకు వైపు పైకి, సరిగ్గా. మూసింది. తర్వాత అతని మణికట్టు పట్టుకుంది. తోడు తీసుకుపొమ్మని అడిగే మనిషి పట్టుకున్నట్టు.



"ఏందయ్యా, ఇంగా సంచిలోనే ఉండావా? బస్సు పోతాది." కాశింబి గుమ్మంలోకి వచ్చింది.

"నాడా... నాడా ఇప్పు" అన్నాడు.

ఆమె విప్పింది. సంచి తిరగేసి దులిపాడు. మూసిన అట్టపెట్టె, డబ్బా. అంతే. అతని చొక్కా చెమటతో తడిసిపోయింది.

"సాంబ్రాణి ఏసినావా?"

"ఇంట్లో బాలింత లేదు, బిడ్డ లేదు. నేనెందుకు ఏస్తా?" కాశింబి అతని ముఖం చూసి దగ్గరికి వచ్చింది. "ఏమైందయ్యా?"

కట్టిన తాడు విప్పి స్టాండు నిలబెట్టాడు. కెమెరా బిగించి, ఆ డబ్బానే తగిలించి, సున్నం కొట్టిన గోడ వైపు తిప్పాడు. లెన్సు టోపీ తీసి, "పోతల్లీ... పో" అని గొణిగి, మళ్ళీ టోపీ పెట్టాడు. బస్సు దగ్గరికి తీసుకెళ్ళే జట్కావాడు బయటినుంచి "దస్తగిరన్నా, బేగా రా" అని కేకేశాడు. అన్నీ పెట్టెలో కుక్కి బయటపడ్డాడు. బస్సు శిరివెళ్ల దాటేదాకా పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేదు. దాటాక మాత్రం గుండె తేలికపడింది. పీడ వదిలిందనుకున్నాడు.

ఆళ్లగడ్డ చేరేసరికి ఇంకా మంచి వెలుతురుంది. మైమూనా ఎదురొచ్చింది. చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఆకలి నాయనా వీనికి. పాలిస్తే నిద్రపోతాడు. ముందు నువ్వు ఫొటో తీసెయ్. అత్త సేనికి పోయింది, నేను కాటిక తెస్తా."

వాకిట్లో నులకమంచం మీద బొంత పరిచి, దిండ్ల మధ్య బిడ్డను పడుకోబెట్టి లోపలికి వెళ్ళింది. దస్తగిరి కెమెరా నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకున్నాడు. వెనక అద్దం మీద మనవడు తలకిందులుగా కనిపించాడు. అందులో అన్నీ తలకిందులే. ఎర్రబడ్డ ముఖం, తన్నుకుంటున్న కాళ్ళు. అతనికి నవ్వొచ్చింది.

ఏడుపు ఆగిపోయింది.

అద్దంలో బిడ్డ ముఖం పక్కకు తిరిగింది. పెదాలు కదులుతున్నాయి. బుగ్గలు లోపలికి పోతున్నాయి, వస్తున్నాయి. గొంతులో గుటక... గుటక... ఒక చిన్న చెయ్యి గాలిలో దేన్నో పట్టుకుని ఉంది.

దస్తగిరి గుడ్డ లాగేసి చూశాడు. మంచం దగ్గర ఎవరూ లేరు. బిడ్డ మాత్రం అలాగే ఉన్నాడు.

గోడకు చూపించాను గదా... పంపించాను గదా... పెట్టెలో చెయ్యి పెట్టి ఆ డబ్బా బయటికి లాగాడు. డబ్బాకు ముందు ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా ఉండే జారుడు పలక ఉంటుంది. టోపీ తీసేముందు దాన్ని పైకి లాగాలి, లేకపోతే ప్లేటు ఏమీ చూడదు. ఫొటో అయ్యాక పలక నల్లవైపు బయటికి వచ్చేలా తిప్పి పెట్టడం ఏ ఫొటోగ్రాఫరుకైనా చేతి అలవాటు.

పలక తెల్లగా ఉంది.

లాగలేదు. ఆ కంగారులో పలక లాగనే లేదు. గోడ అటే ఉంది, ప్లేటు ఇటే ఉంది. గోవిందమ్మకు దోవ ఇవ్వలేదు. తానే మోసుకుని, తన మనవడి దగ్గరికి తెచ్చాడు.

మైమూనా కాటిక బరిణెతో వచ్చి బిడ్డను ఎత్తుకుంది. మూతి చూసి ఆగిపోయింది. పెదాల మూల తెల్లటి నురగ.

"పాలు తాపినావా నాయనా? యాడివి?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగుతో తుడిచి వాసన చూసింది. ముఖం పాలిపోయింది. బిడ్డను గుండెకు అదుముకుంది. బిడ్డ ముఖం తిప్పేసుకున్నాడు.

"ఇవి ఆవుపాలు గాదు నాయనా..."

"లోపలికి పో" అన్నాడు దస్తగిరి. "బిడ్డను తీసుకుని లోపలికి పో."

ఆమె గిరుక్కున తిరిగింది. అంతే, బిడ్డ ఏడుపు లంకించుకున్నాడు. రెండు చేతులూ మంచం వైపు చాచి, తల్లి చేతుల్లో నిలవకుండా వెనక్కి విరుచుకుపడుతున్నాడు. నులకమంచం కిర్రుమంది. కూర్చున్న మనిషి లేచినట్టు.

మైమూనా గడప దాటేసరికి ఏడుపు ఆగింది. తల్లి భుజం మీదుగా, కాస్త పైకి, వెనకే వస్తున్న ముఖాన్ని చూస్తున్నట్టు చూసి, బోసినోటితో నవ్వుతున్నాడు.