పిట్ట ముట్టని విస్తరి

పొద్దున ఏడున్నరకు పరశురాములు గ్లాసెడు బియ్యం కడిగి, బిడ్డ వచ్చిందన్న సంగతి గుర్తొచ్చి మరో గ్లాసు పోశాడు. నర్మద నిన్న సాయంత్రమే హైదరాబాద్ నుంచి ఖానాపూర్ వచ్చింది. భార్య అనసూర్య పోయి ఎనిమిది నెలలు. ఇన్నాళ్లూ తండ్రీబిడ్డల మధ్య ఫోన్లో నడిచిన మాటలు "తిన్నవా" అంటే "తిన్న" అనేంత వరకే.

బియ్యం పొయ్యి మీద పెట్టాడో లేదో, బావమరిది హనుమండ్లు ఫోన్ చేశాడు.

"బావా, నీ బిడ్డ వీడియో చూసినవా? మా అక్క సావు మీద జోకులేస్తుంది! ఊరంత చూస్తుండ్రు. జర తీసెయ్యమను."

నర్మద హాళ్లలో జనాన్ని నవ్వించే పని చేస్తుందని పరశురాములుకు తెలుసు. ఎన్నడూ చూడలేదు. హనుమండ్లు పంపిన వీడియో తెరిచాడు. రంగు లైట్ల కింద మైకు పట్టుకొని నిలబడి ఉంది బిడ్డ.

"మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు, వాళ్లకు ఇష్టమైనవన్ని విస్తట్ల పెడ్తరు. పిట్ట ముట్టాలె. మా అవ్వకు షుగరు. బతికున్నన్ని రోజులు మా బాపు చాయ్‌ల చక్కెర ఏసుకోనియ్యలే. సచ్చినంక బూరెలు, పాయసం, లడ్డు పెట్టిండు! కాకి వచ్చింది, చూసింది, టెస్టు చేపిచ్చుకొని వస్తనని పోయింది."

హాలు ఘొల్లుమంది.

"మా మామ దండం పెట్టి, 'అక్కా, ఫికర్ చెయ్యకు, నర్మద పెండ్లి నేను చేస్త' అన్నడు. చెట్టు మీద మిగిలిన ఒక్క కాకి గూడ లేచిపోయింది. ఆఖరికి విస్తరి ఆవుకు పెట్టినం. అన్ని మా బాపుకు ఇష్టమైనవే. ముప్పై ఏండ్ల సంసారం... ఆమెకేం ఇష్టమో ఆయనకు తెల్వదు."

మళ్లీ నవ్వులు. పరశురాములు ఫోన్ బోర్లించాడు. నర్మద మొహం తుడుచుకుంటూ వచ్చింది.

"తీసెయ్" అన్నాడు.

"ఏంది బాపు?"

"గా వీడియో. మీ అవ్వ సావు నీకు నవ్వులాటనా? అంతమంది పండ్లు ఇకిలిస్తుంటే సంబురమైందా?"

"వాళ్ల ముంగటనన్న అవ్వ ముచ్చట చెప్పుకున్న. ఇంకెవరితోని చెప్పుకోవాలె? అవ్వ పేరెత్తంగనే 'ఉంట మరి' అని నువ్వు ఫోన్ పెట్టేస్తవు."

"ఆమెకేం ఇష్టమో నాకు తెల్వదని ఎట్లంటవు?"

"తెలిస్తే ఎందుకు పెట్టలే?"

అతను బోర్లించిన ఫోన్‌ను పక్కకు జరిపాడు.

"నాకు గూడ తెల్వదు బాపు" అంది నర్మద. "వండింది తిని లేచిపోయిన, గంతే. తీసేస్త తియ్. పదకొండు గంటల బస్సుకు పోత."

లోపలికి వెళ్లి బట్టలు సర్దుకోసాగింది. అన్నం పొంగి పొయ్యి మీద పడింది. పరశురాములు మంట ఆర్పాడు. తర్వాత వెళ్లి గది గడప మీద కూర్చున్నాడు.

"ఈతకల్లు" అన్నాడు.

"ఏంది?"

"మీ అవ్వకు ఈతకల్లంటే పానం. పెండ్లైన కొత్తల, వాళ్ల ఊళ్లె, వాళ్ల బాపు పక్కన కూసోని తాగంగ చూసిన. నేను భజన మండలిల పెద్ద మనిషిని గదా. నా ఇంట్ల గా వాసన రావొద్దన్న. మల్ల తాగలే. ఎన్నడు అడగను గూడ అడగలే."

నర్మద చేతిలోని చున్నీ మడత సగంలో ఆగింది.

"గా రోజు భజన మండలోళ్లంత విస్తరి ముంగట్నే కూసున్నరు. వాళ్ల ముందట కల్లు ఎట్ల పెడ్త? కాకి ఎందుకు పోతుందో నాకు ఎరుకే. నోరిప్పలే."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"సీసల తాగుతుండెనా?"

"కాదు. మోదుగాకు డొప్పల." రెండు చేతులూ దోసిలి చేసి పెదాల దగ్గర పెట్టుకున్నాడు. "గిట్ల. మోచేతుల దాక కారితే నవ్వుతుండె."

దోసిలి దించలేకపోయాడు. నర్మద తన అరచేతులు దాని కింద పట్టింది.

"తీసెయ్యకు" అన్నాడు. "మల్ల చెప్పినప్పుడు గిది గూడ చెప్పు."

"నవ్వుతరు బాపు."

"నవ్వనీ. ఆమె గూడ నవ్వుతుండె."