గుమ్మడికాయ కొట్టని బంగ్లా

ఫిలింనగర్ గుట్ట మీదినుంచి షేక్‌పేట వైపు దిగే ఒక సందు చివర పాత బంగ్లా ఉంది. పొద్దుగూకాక ఆ గోడ పక్కన ఎవరూ నడవరు. ఆటోవాళ్లు సందు మొదట్లోనే దింపేసి, చిల్లర కోసం కూడా ఆగకుండా తిప్పుకుని పోతారు.

అక్కడ షూటింగ్ ఇంకా అయిపోలేదట...

సినిమా ముగిసిందంటే చివరి రోజు గుమ్మడికాయ కొట్టాలి. పదకొండేళ్ల కింద ఆ బంగ్లాలో రాత్రి షూటింగ్ జరుగుతుండగా తిరుమలేశ్ అనే లైట్‌మ్యాన్ పైనుంచి పడి చచ్చిపోయాడు. సినిమా అక్కడికక్కడే ఆగిపోయింది. గుమ్మడికాయ కొట్టే దిక్కు లేకపోయింది. అప్పటినుంచి చీకటి పడితే చాలు, లోపల ఒక లైటు వెలుగుతుందని చెప్పుకుంటారు. మూడు నెలల కింద ఓనర్లు బంగ్లాకు కరెంటు తీయించేశారు.

అయినా వెలుగుతూనే ఉంది.

భూలక్ష్మికి ఈ కథలు వినే తీరిక లేదు. ఆమె నెత్తి మీద వేరే దెయ్యం కూర్చుంది — కరెంటు బిల్లు.

ఆమె తండ్రి భిక్షం ఆ బంగ్లా గోడను ఆనుకున్న ఒంటిగదిలో ఉంటాడు. డెబ్బయ్యారేళ్లు. బతుకంతా షూటింగుల్లో లైట్లు మోసిన మనిషి. ఇప్పుడు ఆయాసం. పడుకునే ముందు మందు పొగ పీల్చే మిషన్ పెట్టుకోకపోతే ఊపిరాడదు. ఆ మిషన్ కాక ఇంట్లో ఉన్నది ఒక బల్బు, ఒక ఫ్యాను. రెండు వందల యూనిట్లు దాటక, సర్కారు మాఫీతో ఎప్పుడూ సున్నా బిల్లు వచ్చే ఇల్లు. అలాంటిది మూడు నెలల్లో ఏడు వేలు దాటింది.

భూలక్ష్మి ఉండేది బోరబండలో. జూబ్లీహిల్స్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు పట్టేసే మనిషి. అలాంటి మనిషికి కరెంటాఫీసు రాసిపెట్టి ఉంది.

మొదటిసారి పోతే, మీటరు ఎవరి పేరున ఉందో వాళ్లే రావాలన్నారు. బాపు మెట్లెక్కలేడని చెప్పేలోపే వెనకాయన ముందుకొచ్చి నిలబడ్డాడు. రెండోసారి, అర్జీ రాసి తెమ్మన్నారు. ఐదో తరగతితో ఆగిన చదువు... వంట చేసే ఇంటి అమ్మాయి పూజితను బతిమాలి రాయించుకుంది. మూడోసారి, వేలిముద్ర పక్కన సాక్షి సంతకం లేదన్నారు. ఆ సంతకం కోసం ఇంకో రోజు పని పోయింది. తీరా మీటరు పరీక్ష చేయించి, బాగానే ఉందని తేల్చారు.

"మీ ఫాదరే వాడుతున్నారమ్మా. మీకు తెలీట్లేదంతే" అంది కౌంటర్లో అమ్మాయి, తలెత్తకుండా.

భూలక్ష్మికి ఒళ్లు మండింది. ఒక్క బల్బు మేడం... మా తల్లి మీద ఒట్టు, ఒక్కటే బల్బు... ఆమెకు చేతనైన వాదన అదే. అది ఎవరూ వినలేదు.

ఆఖరికి లైన్‌మ్యాన్ నవీన్ ఫోన్ చేశాడు. రేపు పదింటికి లైను కట్ చెయ్యక తప్పదన్నాడు. పెట్టేసే ముందు ఒక్క మాట మాత్రం చెప్పాడు.

"అక్కా, ఇంట్ల మెయిన్ బంద్ జేసి మీటరు జూడు. ఎర్ర లైటు మిణుకుమంటే... ఎవడో గుంజుతుండన్నట్టు."

ఆ రోజు పని తెమిలి ఆమె తండ్రి ఇంటికి చేరేసరికి చీకటి పడింది. ఎప్పుడూ పగటిపూట వచ్చి పోయేదే కాని, ఇంత పొద్దుపోయి రావడం అదే మొదలు. తలుపు దగ్గరగా వేసి ఉంది. బాపు లేడు. చాయ్ హోటల్ దగ్గర ముచ్చట పెడుతున్నాడేమో అనుకుంది.

మెయిన్ బంద్ చేసింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. బయటికొచ్చి మీటరు ముందు నిలబడింది.

ఎర్ర చుక్క... మిణుకు... మిణుకు... మిణుకు...

దొరికాడు దొంగ. భయం కాదు, కసి పుట్టింది ఆమెకు. రేపు నవీన్‌ను చెయ్యి పట్టి తీసుకొచ్చి చూపించాలి. ఫోన్ వెలుగులో వెతికితే మీటరు కింద ఒక వైరు దొరికింది — కనపడకుండా పైన సున్నం పూసి ఉంది. వేళ్లతో తడుముకుంటూ దాని వెంట పోయింది. వైరు మూల తిరిగింది. గోడెక్కింది. గోడ అవతల...

బంగ్లా.

కిటికీల్లో పసుప్పచ్చటి వెలుగు.

వెనక్కి పోదామనుకుంది. రేపు పదింటికి కరెంటు పోతే, రాత్రికి బాపు ఊపిరి ఎట్లా? కొంగు నడుముకు దోపి, గోడ విరిగిన చోట దిగింది.

లోపల గబ్బిలాల కంపు. రంగు పెచ్చులూడిన అట్ట స్తంభాలు. హాలు నడుమ పెద్ద షూటింగ్ లైటు, మొహం పైకెత్తి మండుతోంది. దాని పక్కన, డబ్బా మీద... ఒక మనిషి. ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. కదలడు.

అప్పుడు వినపడింది. గుర్రు... గుర్రు... పిల్లికూతలాంటి ఊపిరి.

ఆ ఊపిరి ఆమెకు తెలుసు.

"బాపూ..."

ముసలాయన ఉలిక్కిపడలేదు. పెదవుల మీద వేలుంచుకున్నాడు.

"మెల్లగ బిడ్డా... మీద మనిషున్నడు."

లైటు చూస్తున్నది కప్పు కింద కట్టిన వెదురు కర్రల మంచె వైపు. అక్కడ ఎవరూ లేరు. ఆయాసపడుతూ, ఆగి ఆగి, భిక్షం చెప్పాడు. పైన మనిషి ఉండగా కింద లైటు ఆర్పకూడదు — లైట్ల పనిలో చేరిన మొదటి రోజు నేర్పే మాట అది. ఆ రాత్రి ఎవరో బంద్ చెయ్యమన్నారు. ఆయన పైకి చూడకుండా స్విచ్ లాగాడు. తిరుమలేశ్ దిగడానికి అప్పుడే నిచ్చెన మీద కాలు పెట్టాడు...

అప్పటినుంచి రోజూ పొద్దుగూకగానే వచ్చి లైటు వేస్తాడు. తెల్లారితే ఎలాగూ వెలుతురు ఉంటుందని వచ్చి ఆర్పుతాడు. బంగ్లాకు కరెంటు తీసేశాక, తన మీటరు నుంచే లాక్కున్నాడు.

భూలక్ష్మికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మూడు నెల్ల సంది ఆఫీసుల సుట్టు తిరుగుతున్న బాపూ. ఒక్క బల్బని సచ్చిన అమ్మ మీద ఒట్టు పెట్టిన."

"ఏం జెయ్యాలె బిడ్డా... వాడింకా దిగలే."

ఆమె స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చింది. ముసలి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది. కాలి కాలి గట్టిపడిన అరచెయ్యి.

కౌంటరు ముందు కూడా పెగలని గొంతు అప్పుడు పెగిలింది. తలెత్తి చీకటిలోకి అంది —

"తిరుమలేశ్ కాకా... షూటింగ్ అయిపోయింది. ఇగ దిగు. మా బాపు లైటు పట్టుకొనే ఉన్నడు."

ఏమీ లేదు. గబ్బిలం రెక్క కూడా ఆడలేదు.

తర్వాత... కిర్రు.

పైన. నిచ్చెన మెట్టు మీద బరువు పడ్డట్టు. కాసేపాగి... ఇంకోటి. భిక్షం పెదవులు లెక్కపెడుతున్నాయి. తొమ్మిది... పది... పదకొండు... ఆఖరుగా, నేల మీద చిన్న చప్పుడు.

"దిగిండు" అన్నాడు ముసలాయన. తన చేత్తోనే లైటు ఆర్పాడు.

ఆ రాత్రంతా భూలక్ష్మి తనకు తనే చెప్పుకుంది... ఎండిన వెదురు, అంత పెద్ద లైటు వేడికి కిర్రుమనక ఏం చేస్తుంది?

పొద్దున నవీన్ వస్తే, తప్పు మాదే తమ్ముడూ అని ఒప్పుకుంది. అతను ఆఫీసులో మాట్లాడి బిల్లు మూడు వాయిదాల్లో కట్టేటట్టు ఒప్పించాడు, ఆ వైరు మాత్రం ఇప్పుడే తీసెయ్యమన్నాడు. భూలక్ష్మి దాన్ని చుట్టుకుంటూ చుట్టుకుంటూ పోయి, బంగ్లా హాల్లో నిలబడి ఒకసారి పైకి చూసింది. మంచె ఉంది. మంచె కింద ఉత్త గోడ.

ఇంటికొచ్చి అడిగింది, మంచె దగ్గర నిచ్చెన ఉండాలి కదా, ఏదని.

భిక్షం చాయ్ ఊదుకుంటూ కూతురి వైపు వింతగా చూశాడు.

"ఏ నిచ్చెన బిడ్డా... అది ఆ రాత్రే వానితోని ఇరిగె గద. పోలీసోళ్లు ఎత్కవోయి పదకొండేండ్లాయె."