థార్న్‌బీ దొరకి వన్స్ మోర్

మేం వలసొచ్చిన ఈ ఊళ్లో, మౌంట్ ఆల్బర్ట్ పేటలో కొండవాలు వీధి చివర ఒక పాత చెక్క ఇల్లు ఉంది. చీకటి పడ్డాక ఆ పక్కకి ఎవరూ వెళ్లేవారు కాదు. దెయ్యానికి భయపడి కాదట... దాని కవిత్వానికి భయపడి!

ఆ దెయ్యం థార్న్‌బీ అనే ఇంగ్లీషు దొర. కవి, నాటకకర్త. ఆయన నాటకంలో రాజు కత్తిపోటు తిన్నాక చావడానికి ఒక అంకమంతా పద్యాలు చదువుతాడట. లండన్‌లో జనం మధ్యలోనే లేచిపోయారు. ఇక్కడివాళ్లు గతిలేక వింటారనుకుని ఓడెక్కి వచ్చాడు. వీళ్లూ లేచిపోయారు. చివరికి ఆ ఇంట్లో తన పద్యం తనే చదువుకుంటూ పోయాడు. పోయాక కూడా మానలేదు.

2004 చలికాలంలో మా విజయలక్ష్మి వదిన అల్లుడు శశాంక్ తెలియక ఆ ఇల్లే అద్దెకు తీసుకున్నాడు. వదిన కూతురు శ్రావ్యకి నెలలు నిండుతున్నాయి. ఉన్న ఫ్లాట్ ఖాళీ చేయాలి. ఆ పిల్లేమో, "దెయ్యం ఉన్న ఇంట్లో కాలు పెట్టను" అని మొండికేసింది.

వదిన భర్త కృష్ణారావు అన్నయ్య ఛాతీ విరుచుకున్నాడు. తెనాలిలో కుర్రతనమంతా నాటకాల పందిళ్లలో గడిపిన మనిషి.

"నేను వెళ్లి ఏమీ లేదని తేల్చుకొస్తా."

"టార్చి పట్టుకెళ్లండి."

"దొరని చూడ్డానికి టార్చి ఎందుకే!"

వదిన కారులోనే, స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన లోపలికి వెళ్లాడు. ఖాళీ హాలు... చలి... ఎవరో గొంతు సవరించుకున్నారు.

తరవాత పద్యం మొదలైంది. అన్నయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ చివర ఆ గొంతు సాగదీసిందట — అచ్చం మన పద్యంలో రాగంలాగా. పాత అలవాటు ఊరుకుంటుందా? నోరు జారిపోయింది.

"వన్స్ మోర్!"

పద్యం టక్కున ఆగింది. నేలచెక్క కిర్రుమంది. తరవాత చెవి పక్కనే, నమ్మలేనట్టు...

"వన్స్... మోర్?"

అన్నయ్య ఒక కాలి చెప్పుతో వచ్చి కారులో పడ్డాడు.

"పోనీ! పోనీ!"

"ఏమైందండీ?"

"మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడే!"

చిత్రం, ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో చప్పుడు లేదు. శ్రావ్య వాళ్లు చేరారు, పాప కూడా పుట్టింది. "ఒక్క మాటతో వెళ్లగొట్టాను" అని అన్నయ్య మా ఇంటికొచ్చి ఒకటే గొప్పలు. అర్థం తెలియకపోయినా నాటకాల మనిషి కదా, దొర పద్యం అక్షరం పొల్లుపోకుండా అనుకరించి చూపించాడు. పడీపడీ నవ్వాను. దొర ఎక్కడికి పోయాడని ఎవరూ అడగలేదు.

ఈ మధ్య నాకు ఫ్రిజ్ తలుపు తీశాక ఎందుకు తీశానో గుర్తుండదు. మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు. ఆ పనికిమాలిన పద్యం మాత్రం పూర్తిగా గుర్తుంది.

నిన్న సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. కరివేపాకు దూస్తూ, నిజంగా గుర్తుందా అని పైకే చదివాను. ఒక్క మాట కూడా తప్పలేదు.

నా వెనక, ఖాళీ హాల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

తరవాత, ఎంతో ఆశగా —

"వన్స్ మోర్..."