తువ్వాలు రెండో కొస

అత్తగారు చిలకమ్మ గుండె ఆగి పోయిన రోజు పొద్దున కూడా మామగారి చేతిని ఇరవైసార్లు ఎత్తించడం కల్పన చూసింది. మామగారు అసిరయ్యగారు అంతకు కొన్నాళ్ల ముందు స్నానాలగదిలో జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక కీలు బిగుసుకుపోకుండా రోజుకు మూడుసార్లు ఆ పని.

"ప్లాంటులో క్రేన్ నడిపినోడివి, నీ సెయ్యి నువ్వు లేపుకోలేవేటి?" అని ఆవిడ దెప్పేది. చేయి చెవిదాకా వచ్చేది.

ఆవిడ పోయాక ఆ చేతి సంగతి ఎవరికీ పట్టలేదు. పన్నెండో రోజు పొద్దున అగ్రికో కాలనీలో ప్లాంటువాళ్లిచ్చిన క్వార్టరు ముందుగదిలో ఆవిడ ఫోటో తగిలించారు. తొలి దండ వెయ్యబోతే అసిరయ్యగారి చేయి ఛాతీ దాటి లేవలేదు. కొడుకు దుర్గాప్రసాద్ దండ అందుకోబోయాడు.

"నువ్వెయ్యకు. నానే ఏత్తాను."

"ఎలాగేత్తావు నాన్నా? రోజూ కస్రత్ చెయ్యమని డాక్టర్ చెప్పాడు కదా. మానీసి కూచున్నావు."

"సేయించడానికి మీయమ్మేదిరా? కోడలి సేత నా సెయ్యి పట్టించమంటావేటి?"

కల్పన వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. కోడలు మామగారిని ముట్టుకోకపోవడం ఆ ఇంటి మర్యాద. ఇన్నాళ్లూ ఆమె ఆ మర్యాద చాటునే ఉంది.

"ముట్టుకోనక్కర్లేదు మావయ్యా," అంది. "క్లినిక్‌లో కస్రత్ చేయించే హేమ నాకు చూపించింది. తువ్వాలు ఒక కొస మీరు పట్టుకుంటే, రెండో కొస ఎవరైనా పైకి లాగొచ్చు. అత్తయ్య ఉందిగా అని ఊరుకున్నాను. ఆవిడ పోయాకా చెప్పలేదు."

"ఎందుకు?" అన్నాడు దుర్గాప్రసాద్.

"చెబితే నా పనవుతుందని."

"పన్నెండు రోజులా, కల్పనా?"

 

"దాన్నేటీ అనకురా," అన్నారు అసిరయ్యగారు. "గోడకి వేళ్లానించి నా సెయ్యి నానే పైకి పాకించుకోమని నాకూ సెప్పారు. మీయమ్మ లేకుండా ఎత్తబుద్ధి కాలేదు, అంతే. తువ్వాలు తే అమ్మా."

కల్పన స్టూలెక్కి లాగింది. ఆయన పళ్లు బిగించారు. నాలుగోసారికి, "క్రేన్ నడిపినోడివి అను. మీయత్త అనీది," అన్నారు.

కల్పన అనలేకపోయింది. కళ్లు తుడుచుకోవాలంటే తువ్వాలు వదలాలి. వదల్లేదు.

నెల దాటింది. చేయి ఇప్పుడు భుజం ఎత్తుకు వస్తోంది. ఫోటో ఇంకా జానెడు పైన ఉంది. చిలకమ్మకి తొలి దండ ఇంకా పడలేదు.